వెలుగునకు గాదె

(నందిగామ పఠనమందిరమున సాయంకాలసభలో గావించిన ఉపన్యాసపాఠము)



మన మెట్టసీమలో మిరప కల్లములకు వచ్చిన దినముల ముచ్చట తెలియనివారు ఈ సభలో నుండరు. బస్తాలన్నియు ఒక్కపెట్టున గుంటూరు యార్డునకు చేరును, ధర దిగిపోవును. ఓపిక యున్నవాడు శీతలగిడ్డంగిలో సరకు దాచి మంచి ధరకై వేచియుండును. అప్పు నెత్తిమీద నున్నవాడు ఆ పూట పలికిన ధరకే తెగనమ్ముకొని యింటికి పోవును. ఇద్దరి పంటయు నొక్కటే. ఇద్దరి కష్టమును నొక్కటే. భేదమంతయు నిలువలో నున్నది. గాదె గలవాడు ధరను శాసించును. గాదె లేనివాడు ధరకు దాసుడగును.

నేడు మేము విద్యుత్తును గూర్చి మనవిచేయ వచ్చితిమి. అయినను చెప్పబోవునది ఈ ముచ్చటయే. విద్యుత్తునకు గాదె కావలెనను మాట ఇంతకాలము మనకు పట్టలేదు. మన పొరుగున ఇబ్రహీంపట్నమున 1979లో పని మొదలిడి, నేడు నార్ల తాతారావుగారి పేర నడచుచున్న కేంద్రమునకు బొగ్గుకుప్పయే గాదె. కావలసినవేళ కావలసినంత కాల్చుకొనవచ్చును. సూర్యునకు అట్టి కుప్ప లేదు. కర్నూలు ప్రాంతమున 2017లో సిద్ధమైన వేయి మెగావాట్ల సౌరక్షేత్రము మొదలు మన యిండ్ల మిద్దెలమీది పలకలవరకు అన్నియు మిట్టమధ్యాహ్నము పొంగిపొరలును. పొద్దు గ్రుంకగానే అన్నియు నొక్కసారి ఎండిపోవును. మన దీపములు, పంకాలు, వంటయింటి యంత్రములు సరిగా ఆ వేళకే మేల్కొనును.

దీని ఫలితము విద్యుత్తు సంతలో చూడవచ్చును. ఒక్కొక్క దినమున యూనిటు మధ్యాహ్నము రూపాయి, రెండు రూపాయలకు దిగుచున్నది. సాయంకాలము ప్రభుత్వమండలి విధించిన పది రూపాయల హద్దును తాకుచున్నది. సరకు ఒక్కటే, తీగ ఒక్కటే, నడుమ గడచినవి ఆరేడు గంటలు. ఇది మిరప కథ కాక మరేమి?

ఈ భేదము పెద్దల లెక్కపుస్తకములకే పరిమితమని తలపకుడు. వ్యవసాయము తప్ప తక్కిన వాడకందారులకు పగటి సౌరవేళలలో రేటు తక్కువగను, సాయంకాలపు రద్దీవేళలలో హెచ్చుగను ఉండునట్లు క్రమముగా ఏర్పాటు చేయవలెనని కేంద్రప్రభుత్వము 2023లో నిబంధనలు చేసెను. జగ్గయ్యపేట బజారులో టిఫిను హోటలు, మిఠాయి కొట్టు, క్షౌరశాల, జిరాక్సు దుకాణము బేరము చూచునది దీపాలు పెట్టిన తరువాతనే. వారు తమ గిరాకీని మధ్యాహ్నమునకు మార్చుకొనలేరు. సాయంకాలపు ధర తగ్గనిచో ఆ భారము మొదట పడునది వారి నెత్తిననే.

ధర ఒక యెత్తు, స్థైర్యము మరియొక యెత్తు. గ్రిడ్డు అనగా దేశమంతటికి నొక్కటే కాడి. ఉత్పత్తియు వాడకమును ఏ క్షణమునకు ఆ క్షణము సరితూగవలెను. అవి సరితూగినపుడు విద్యుత్తు సెకనునకు 50 పర్యాయములు స్పందించును. వాడకము హెచ్చినచో ఆ సంఖ్య దిగును, తగ్గినచో ఎక్కును. 49.90, 50.05 అను రెండు గట్ల నడుమ దానిని నడపవలెనని మన గ్రిడ్డు నియమావళి. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు దేశములలో కాడి విరిగినపుడు దాదాపు 62 కోట్లమంది చీకటిలో పడిరి. దక్షిణాది గ్రిడ్డు నాడు వేరుగా నుండుటచేత మనము తప్పించుకొంటిమి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుద్వారా మనమును ఆ కాడికి కట్టబడితిమి. అందువలన మేలు గలదు. అచ్చటి ప్రమాదములో మనకును పాలు గలదు. బొగ్గు కేంద్రముల బరువైన చక్రములు తిరుగుచున్నంతకాలము చిన్న ఒడిదుడుకులను ఆ తిరుగుడే మ్రింగివేయును. సౌరపలకలకు తిరుగు చక్రము లేదు. అవి హెచ్చినకొలది, క్షణములో చేయూతనిచ్చు నిలువ మనకు అవసరమగుచున్నది.

నిలువ మనకు క్రొత్తవిద్య యని భ్రమపడవలదు. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు ఊరూర తిరిగి పోరాడి సాధించిన నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. దాని ఎడమకాలువ నీరు మన పొలములకు అందుచున్నది. ఆ యానకట్ట క్రింది విద్యుత్కేంద్రమున ఎనిమిది యంత్రములలో ఏడు రెండువైపుల తిరుగునవని మనలో ఎందరెరుగుదురు? విద్యుత్తు కొరతయైనపుడు నీటిని క్రిందికి వదలి విద్యుత్తు తీయును. మిగులైనపుడు ఆ విద్యుత్తుతోనే నీటిని మరల జలాశయమునకు తోడిపోయును. శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్ల యంత్రములు ఆరు అట్టివే. వంద యూనిట్లు పెట్టి తోడినచో డెబ్బదియైదు, ఎనుబది తిరిగి వచ్చును. మిగిలినది దాచినందుకు తరుగు.

కాని కొండయు నీరును ఉన్నచోటనే అట్టి గాదె కట్టవచ్చును. బ్యాటరీకి ఆ నిర్బంధము లేదు. సబ్‌స్టేషను ప్రక్కన అర యెకరమో, ఎకరమో స్థలమున ఇనుపపెట్టెలు వరుసగా నిలిపి కొన్ని నెలలలోనే సిద్ధము చేయవచ్చును. దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రము 2016 సెప్టెంబరులో గాలివానకు పూర్తిగా చీకటియైనది. మరుసటి యేడే హార్న్స్‌డేలు అనుచోట నూరు మెగావాట్ల బ్యాటరీ నిలిపిరి. మన దేశమున ఢిల్లీలోని రోహిణి సబ్‌స్టేషనులో 2019లో పది మెగావాట్లది వెలసెను. మన జగ్గయ్యపేటకో, నందిగామకో లెక్క వేసికొందము: పది మెగావాట్ల చొప్పున రెండు గంటలు ఇచ్చు గాదె యున్నచో ఇరువదివేల యూనిట్లు. ఇంటికి సాయంకాలము రెండు యూనిట్లనుకొన్నచో పదివేల యిండ్లకు చాలును. వంద యూనిట్లు దాచిన ఎనుబదియైదువరకు తిరిగి దక్కును.

ఇక దోషములను దాచుట మా మతము కాదు. బ్యాటరీ యేటేట ముసలిదగును. పది పదునైదేండ్లకు మార్చవలసినదే. నిప్పు భయమున్నది. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ కేంద్రమున మంటలు లేచి వేయిమందికి పైగా ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. అచ్చట నికెలు కలిసిన రకమును ఒకే భవనములో క్రిక్కిరిసి పేర్చిరి. ఇనుము, భాస్వరము కలిసిన రకము అంతకంటె నెమ్మదియైనది. పెట్టెకు పెట్టెకు ఎడముంచి ఆరుబయట నిలుపుట నేటి పద్ధతి. మనకు నీటి భయమును గలదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో వరదనీరు ఐతవరమువద్ద హైదరాబాదు రహదారిని ముంచి రాకపోకలు ఆపివేసిన సంగతి మీరెరుగుదురు. ఇట్టి గాదెను మునేటి పల్లమున చవుకగా దొరకిన స్థలమున పెట్టుట పాపమే. ఎత్తైన నేల, అగ్నిమాపకదళమునకు శిక్షణ, జనావాసమునకు దూరము: ఈ మూడును మనము ముందుగా అడుగవలెను.

అయినను మా మనస్సున నున్న పెద్ద ప్రశ్న వేరు. గాదె తాళపుచెవి యెవరిచేతిలో నుండును?

2021 జూన్, జూలై మాసములను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కె.యల్. రావుగారి పేరు పెట్టుకొన్న పులిచింతలవద్ద ఒక గట్టున తెలంగాణము విద్యుత్తు తీయుచుండగా, సాగునీరు వృథాగా సముద్రము పాలగుచున్నదని ఆంధ్రము అభ్యంతరము తెలిపెను. మన పొలిమేరలోనే రెండు రాష్ట్రముల పోలీసులు ఎదురుబొదురుగా నిలిచిరి. ఉభయులును తెలుగువారే; ఉభయులవియు ప్రభుత్వములే. నిలువనీటి తూము ఎప్పుడెత్తవలెనను నిర్ణయమే అంత వివాదమునకు మూలమయ్యెను. ప్రభుత్వములనడుమనే ఇట్లుండగా, వెలుగు దాచిన గాదె ఒక ధనికుని సొత్తైనచో ఆ తూము ఎప్పుడెత్తును? ధర పది రూపాయలైనపుడు ఎత్తును. ఊరు చీకటియైనను ధర రానిచో ఎత్తడు. అతనిని దూషింపబనిలేదు, వ్యాపారధర్మమే అది.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గనుక దస్తావేజు చూచినపుడు మొదట హక్కెవరిదని వెదకుట మాకు అలవాటు. 2022 డిసెంబరున సవరించిన విద్యుచ్ఛక్తి నిబంధనలు నిలువకేంద్రమును విద్యుద్వ్యవస్థలో భాగముగా అంగీకరించి, ఉత్పత్తిదారుడుగాని, ప్రసారసంస్థగాని, పంపిణీసంస్థగాని, స్వతంత్రుడుగాని దానిని పెట్టవచ్చుననినవి. 2023 సెప్టెంబరున కేంద్రప్రభుత్వము బ్యాటరీల పెట్టుబడిలో నూటికి నలుబదివంతులవరకు సాయమిచ్చు పథకమును ఆమోదించుచు, అట్టి కేంద్రముల శక్తిలో నూటికి ఎనుబదియైదువంతులైనను పంపిణీసంస్థలకు అందవలెనని షరతు పెట్టెను. మెచ్చదగిన షరతు. ప్రజల సొమ్ము చేరినచోట ప్రజల హక్కు చేరవలెను.

పంపిణీసంస్థలు అప్పులలో మునిగియున్నవి, పెట్టుబడి తెచ్చువానిని తరిమివేయుదుమా యని మిత్రులు కొందరు మమ్మడిగిరి. తరుమవలదు. ఇప్పటి ఒడంబడికలలో బ్యాటరీ యజమానికి మెగావాటునకు నెలకింత యని అద్దె యిచ్చుట వాడుక. వాడినను వాడకున్నను, యంత్రము సిద్ధముగా నున్నచో అద్దె చెల్లును. ఆ అద్దె పన్నెండు, పదునైదేండ్లు మన బిల్లులలో కలిసి వచ్చును. అద్దె మనది గనుక తాళపుచెవియు మనదే కావలెనని మా వాదము. ఎప్పుడు నింపవలెనో, ఎప్పుడు విడువవలెనో ప్రజలకు జవాబుదారీయైన సంస్థయే నిర్ణయింపవలెను. గాలివాన వచ్చిననాడు ఆసుపత్రికి, మంచినీటి పంపులకు మొదటి వంతు అని ఒడంబడికలో వ్రాయవలెను. నింపినదెంత, విడిచినదెంత, చెల్లించినదెంత అను లెక్క నెలనెల తెలుగున ప్రకటింపవలెను.

స్వదేశీవ్రతము నెరిగిన మనకు మరియొక కర్తవ్యము గలదు. నేడు లోకమున బ్యాటరీ సెల్లులలో అధికభాగము చైనాలో తయారగుచున్నవి. బొగ్గు మన భూమిలోనిది, ఎండ మన ఆకాశములోనిది. ఎండను దాచు పాత్ర పరదేశమునుండి రావలసినచో స్వరాజ్యము సగమే. శక్తి లేక కాదు. 1948లో కారైక్కుడిలో అళగప్ప చెట్టియారుగారి దానముతో విద్యుద్రసాయన పరిశోధనాలయమునకు పునాది పడెను. 1985లో తిరుపతి ప్రాంతమున గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థ సీసపు బ్యాటరీలతో పేరుగాంచి, 2023లో మహబూబ్‌నగరమువద్ద లిథియము సెల్లుల కర్మాగారమునకు శంకుస్థాపన చేసెను. ప్రజాధనముతో కొను బ్యాటరీలలో స్వదేశీభాగము ఏటేట హెచ్చవలెనని మనము కోరుట న్యాయము.

మరి మన చేతిలో నేమున్నది? 2003 నాటి విద్యుచ్ఛక్తి చట్టము 64వ సెక్షనున్నది. రేట్లకై పెట్టిన దరఖాస్తును ప్రకటింపవలెననియు, ప్రజల సూచనలను, అభ్యంతరములను విచారించిన పిమ్మటనే నియంత్రణమండలి ఉత్తరువీయవలెననియు అందున్నది. ప్రతియేట ఈ విచారణ జరుగుచున్నది. అచ్చటికి పెద్ద కర్మాగారముల వకీళ్లు వత్తురు. సిమెంటు మిల్లుల లెక్కలు వత్తురు. మిఠాయి కొట్టువాడు రాడు, మిరప రైతు రాడు, పఠనమందిరము రాదు. రాని వాని మాట వినలేదని మండలిని నిందించుట యెట్లు?

ఈ నందిగామలో జన్మించిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు న్యాయవాదిగా నుండి జాతీయోద్యమమున దుమికి, చెరసాలలు చూచి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతియైరి. వారి తరమువారు దండనకు వెరువక అర్జీలు వ్రాసిరి. మనకు దండనలేదు, కాగితము, తపాలాబిళ్ల చాలును. ఈ మందిరమున వారమునకొక సాయంకాలము కూర్చుండుదము. పంపిణీసంస్థ దరఖాస్తును తెలుగున చదివి వినిపించుటకు మేము సిద్ధము. జగ్గయ్యపేటనుండి పది, నందిగామనుండి పది అభ్యంతరపత్రములు ఈ యేడు పోవలెను. స్థలమెక్కడ, తాళపుచెవి యెవరిది, లెక్క యెక్కడ అను మూడు ప్రశ్నలే అందులో నుండవలెను.

గాదె కట్టుట తథ్యము. అది కట్టకముందే అడిగినవానికి అందులో వాటా యుండును. కట్టినపిమ్మట అడిగినవానికి బిల్లు మాత్రమే మిగులును.