ట్రాకర్ బిగిస్తే చాలదు

వాహనానికి ట్రాకర్ బిగించగానే రక్షణ దొరికిందని చాలామంది అనుకుంటారు. అసలు రక్షణ మొదలయ్యేది దాన్ని యాక్టివేట్ చేసి, పరీక్షించి చూసుకున్నాకే. ఈ పరికరం పనులు రెండు. ఉపగ్రహాల సంకేతాలు అందుకుని తానున్న చోటు లెక్కగట్టడం ఒకటి. ఆ వివరాన్ని లోపలి సిమ్ ద్వారా, మొబైల్ నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కు పంపడం రెండోది. సిమ్‌లో డేటా ప్లాన్ లేకపోయినా, మొబైల్ డేటాకు దారి చూపే ఏపీఎన్ పేరులో ఒక్క అక్షరం తప్పినా, సర్వర్ చిరునామా, పోర్టు నంబరు సరిపోకపోయినా మొదటి పని సాగుతుంది, రెండోది ఆగిపోతుంది. అప్పుడు బండి ఎక్కడుందో పరికరానికి తెలుస్తుంది, యజమానికి తెలియదు.

మన దేశంలో 2019 జనవరి 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బస్సులు, ట్యాక్సీల వంటి వాహనాలకు ట్రాకర్‌తో పాటు అత్యవసర బటన్‌ను కూడా తప్పనిసరి చేశారు. ఆపదలో ఉన్న ప్రయాణికురాలు బటన్ నొక్కినా, సమాచారం బయటికి వెళ్లకపోతే ఆ నిబంధన కాగితానికే పరిమితం. ఇదంతా బిగించినవాళ్లే చూసుకుంటారు కదా అనవచ్చు. కానీ సిమ్ ప్లాన్ గడువు తీరేది వాళ్లు వెళ్లిన ఎన్నో నెలలకు. మన కదలికలు పరాయివాళ్లకు తెలుస్తాయన్న భయమూ న్యాయమైనదే. అందుకు పరిష్కారం ట్రాకర్‌ను ఆపేయడం కాదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ వెంటనే మార్చడం, ఎవరెవరు చూడవచ్చో నిర్ణయించడం, డ్రైవరుకు ముందే చెప్పడం. కాబట్టి బండిని ఆరుబయట కాస్త దూరం నడిపించి, మ్యాపులో గుర్తు కదులుతోందో లేదో చూడండి. ప్లాన్ గడువు తేదీ రాసిపెట్టుకోండి. పరీక్షించిన ట్రాకర్‌నే నమ్మండి.