మన విద్యార్థుల యాంగ్లరచన
(వార్షిక మహాసభలో గావింపబడిన యుపన్యాసము)



సంస్కృతాంధ్రములు చదివి, బడిపిల్లలచేత శబ్దములును ధాతువులును వల్లెవేయించి, ఉద్యోగమునుండి విశ్రాంతి గొన్న మమ్ము పిలిచి యాంగ్లరచనను గూర్చి మాటలాడుమనుట కొందఱకు వింతగా దోపవచ్చును. మాకును వింతగనే దోచినది. కాని సంఘమువారు నడపిన వ్యాసపుపోటీకి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలల విద్యార్థులు పంపిన తెలుగు వ్యాసములతోబాటు ఆంగ్లవ్యాసముల కట్టయు మా యింటికే వచ్చినది. దిద్దుటకు వేఱొకరు దొరకకపోవుటచే, నిఘంటువును ముందుంచుకొని, యాంగ్లోపాధ్యాయుడగు మిత్రు నొకని తోడు దెచ్చుకొని యా పనికి బూనుకొంటిమి. నాటినుండి ఈ విషయము మా మనస్సును వదలుట లేదు.

ఆ కట్టలో నొక వ్యాసము నాగార్జునసాగరపు ఎడమకాలువను గూర్చినది. కాలువ చివరి భూములకు నీరు చాలకపోవుట, పైవారు తూములు పెద్దవి చేసికొనుట, రాత్రులందు నీటికావలికి బోయిన తండ్రి తెల్లవాఱి వట్టిచేతులతో నింటికి వచ్చుట, ఇవన్నియు నొక బాలిక కన్నులకు గట్టినట్లు వ్రాసినది. విషయము దొడ్డది. తప్పులో, పంక్తికి రెండు మూడు!

పూర్వస్థితి నొకింత స్మరింతము. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాష ఉర్దూ. ఆంగ్లము మాత్రము అందఱకును తప్పనిసరి పాఠ్యవిషయము. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, పరీక్షలో నాంగ్లము — ఈ మూటిని మోసినవారు మన పెద్దలు. నేడు మన ప్రాంతమునకు 2007లో నల్లగొండలో స్థాపింపబడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయము కలదు. ప్రభుత్వపు బడులలో 1 మొదలు 8వ తరగతివఱకు ఆంగ్లమాధ్యమము 2022-23లో నారంభమైనది. కాని మే మెఱిగిన కళాశాల విద్యార్థులలో పెక్కుమంది పల్లెబడిలో తెలుగున చదివి, యొక్కసారిగా నాంగ్లపుస్తకముల నడుమ బడినవారే.

వారి తప్పులను మేము వరుసగా నొక నోటుపుస్తకమున నెక్కించుకొంటిమి. అట్లు చేయగా నొక సంగతి తేటపడినది. అవి యజ్ఞానముచే చేసినవి కావు. పెక్కింటికి హేతువు కలదు. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్" అని సెలవుచీటిలో వ్రాయనివా డెవడు? మేమును వ్రాసితిమి. మూడు దినములనుండి జ్వరముతో బాధపడుచున్నాను అను తెలుగువాక్యము నిర్దుష్టము. సోమవారమునుండి యన్నను, మూడు దినములనుండి యన్నను మనకు "నుండి" యొకటే చాలును. ఆంగ్లేయునకు ఆరంభమైన వేళకు "సిన్స్", గడచిన కాలమునకు "ఫర్". క్రియయు "హావ్ బీన్ సఫరింగ్" అని మాఱవలయును. "డిస్కస్ అబౌట్" అని వ్రాయుటయు నిట్టిదే. మనము ఒకదానిని గూర్చి చర్చింతుము, వారి క్రియకు ఆ "గూర్చి" యక్కఱలేదు.

ఇక "ఎ", "ది" అను చిన్నమాటలు. తెలుగున లేవు, సంస్కృతమున లేవు. "బాలుడు వచ్చెను" అన్నచో ఏ బాలుడో సందర్భమే చెప్పును. కావున మన విద్యార్థి వానిని పూర్తిగా విడుచును, లేదా యుపాధ్యాయుడు గద్దించిన వెనుక తలంబ్రాలవలె వాక్యమంతయు చల్లును. అయితే తప్పులన్నియు తెలుగుచే వచ్చినవని పలుకుట న్యాయము గాదు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అని వ్రాయుదురు. తెలుగున "నా మిత్రులలో నొకడు" అని బహువచనమే యున్నదిగదా! ప్రక్కన "వన్" అనుట విని యేకవచనమున బడుచున్నారు. "ఫర్నిచర్స్" అనుట వారి దోషమో, ఆ భాష చపలత్వమో మేము చెప్పజాలము.

1967లో పిట్ కార్డర్ అను భాషాశాస్త్రజ్ఞుడు, తెలిసియు తొందరలో జారిన పొరపాటు వేఱు, నేర్చుకొనువాని మనస్సులో నింకను కుదురని నియమమును జూపు తప్పు వేఱు అని విడదీసెను. రెండవది గురువునకు దారిచూపు దీపము. మఱి దిద్దుట వలన ఫలమున్నదా? 1996లో జాన్ ట్రస్కాట్, వ్యాకరణదోషములను దిద్దుట నిష్ఫలము, హానికరము గూడ, మానవలయునని వాదించెను. 1999లో డానా ఫెరిస్ దానిని ఖండించి, ఏరికోరి స్పష్టముగా దిద్దిన మేలు కలుగవచ్చునని పలికెను.

మహాభాష్యమున చెప్పబడిన ఇంద్రశత్రుకథ, స్వరమొకటి తప్పుటచే వృత్రుడు చచ్చినకథ, చిన్ననాడే విన్న మాకు, దిద్దవలదను మాట మొదట దుస్సహముగా నుండెను. కాని నిజము దాచనేల? మా తరగతిలో నొక బాలుడు చక్కగా రెండు పుటలు వ్రాయువాడు. ఎఱ్ఱసిరాతో పుట నిండ గీతలు గీచి యిచ్చితిమి. తరువాత నతడు సగము పుట మించి వ్రాయలేదు. తప్పులు తగ్గినవి, మేము సంతసించితిమి. అతడు వ్రాయుటయే తగ్గించెనని మాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

పోటీకి వచ్చిన వానిలో నొక వ్యాసమున నొక్క తప్పును లేదు. వ్రాసినవాడు మాకు సమీపబంధువు. పిలిచి రెండు మాటల యర్థ మడిగితిమి, నేల జూచెను. ఫోనులోని యంత్రము వ్రాసి యిచ్చినదట. మేము బహుమానము కాలువ వ్యాసమున కిచ్చితిమి. మా యింట రెండు దినములు మాటలు లేవు. యంత్రము చెడ్డదని మేమనము. ఉద్యోగపు పరీక్షలో నెదుట గూర్చున్నవాడు "ఇది యేల యిట్లు వ్రాసితివి?" అని యడిగినపుడు ఫోను మాటలాడదు.

మిర్యాలగూడ మిల్లుల యజమానులు ఈ సభలో పలువురున్నారు. బియ్యమెంత మేలైనను, పంటి క్రింద రాయి పడినచో తినువాడు వంటనంతయు నిందించును. ఆ బాలిక వ్యాసమును క్రొత్తవా డెవడైన జూచిన, మొదటి పంక్తిలోనే యాగి, కాలువవఱకు పోడు. బంగారుపతకములకును, స్వాగతతోరణములకును మీరిచ్చు ధనమునుండి కొంత యీ రాళ్లేరుటకు వేఱుపఱుపుడని మా ప్రార్థన. మూడు పట్టణములందును ఒక్కొక్క యాంగ్లోపాధ్యాయుని, నెలకు రెండు ఆదివారములు, తగిన పారితోషికముతో నియమింపవలయును. విద్యార్థి ఒక పుట వ్రాయును. ఉపాధ్యాయుడు తాను దిద్దడు. తప్పున్న చోట గీత గీయును, అదియు నొక మాసమున నొక జాతి తప్పునకే. విద్యార్థి తానే సవరించి యా పుటనే మరల వ్రాయును. మొదటి ప్రతియు, తుది ప్రతియు నొకచోట కుట్టి యుంచవలయును. ఆడపిల్లలు పల్లెబస్సు నందుకొనునట్లు సాయంకాలము 4 గంటలకు ముందే ముగింపవలయును.

సూర్యాపేటలో స్థల మిచ్చుటకు ఒక దాత యీ ప్రొద్దుననే యంగీకరించిరి. కోదాడకును, మిర్యాలగూడకును ఇంకను కావలసియున్నది. ఈ విషయమును రేపటి కార్యవర్గ సమావేశపు తీర్మానములలో చేర్పింపుడని యధ్యక్షులవారిని కోరుచున్నాము.