గురక వెనుక దాగిన వ్యాధి
(అరకు లోయలో జరిగిన గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గురక పెట్టువానిని చూచి నవ్వుట మనకు అలవాటు. కుంభకర్ణుడని పేరు పెట్టి, వాడెంత సుఖముగా నిద్రించుచున్నాడో అనుకొందుము. మేమును చాలకాలము అట్లే తలచితిమి. అనంతగిరి ఘాటు రోడ్డుమీద ఒకనాటి ఉదయము మా అభిప్రాయమును మార్చినది.

ఆ ముందురాత్రి మేమును, మా జీపు డ్రైవరును ఒకే గదిలో బస చేసితిమి. అతడు ఇల్లదరునట్లు గురక పెట్టుచుండెను. ఉన్నట్టుండి గురక ఆగినది. హమ్మయ్య యని కన్ను మూయబోయితిమి. కాని చూడగా అతని రొమ్ము ఎగసిపడుచున్నది గాని, ముక్కున గాలి ఆడుట లేదు! మనసులో 20 వరకు లెక్కించితిమి. అప్పుడతడు ఉక్కిరిబిక్కిరియై, పెద్ద చప్పుడుతో ఊపిరి పీల్చి, ఒత్తిగిలి, మరల గురక ఆరంభించెను. రాత్రి పొడుగునా ఇదే తంతు. తెల్లవారిన పిమ్మట అడిగితిమి. "బాగా నిద్రపట్టిందండీ" అన్నాడు. ఒక గంట గడచునప్పటికి ఘాటు మలుపువద్ద అతని కన్నులు మూతపడినవి. మేము వేసిన కేకకు ఉలికిపడి బ్రేకు వేయుటచే జీపు లోయ అంచున నిలిచినది. అతడు రెండు గ్లాసుల చిక్కని అరకు కాఫీ త్రాగియే బయలుదేరినాడు సుమా!

నిద్రలో గొంతు కండరములు సడలుట సహజము. కొందరిలో అవి మిక్కిలి సడలి, నాలుక వెనుకకు జారి, గాలిదారి మూసికొనిపోవును. ఊపిరి 10 సెకండ్లో, అంతకు మించియో ఆగును. రక్తములో ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలికిపడి మనిషిని అరక్షణము మేల్కొల్పును. గొంతు తెరచుకొనును. గంటకు 5 మార్లు, అంతకు మించి ఇట్లు జరుగుచు, పగలు కునికిపాట్లు వచ్చుచుండినచో దానిని వైద్యులు స్లీప్ ఆప్నియా యందురు. 1965లో ఫ్రాన్సు, జర్మనీ దేశముల పరిశోధకులు నిద్రించువారి ఊపిరిని యంత్రములతో నమోదు చేసి దీనిని నిర్ధారించిరి. చికిత్స లేనిచో రక్తపుపోటు, గుండెజబ్బు, పక్షవాతములకు ఇది దారి తీయగలదు.

ఇది ఎవరికి వచ్చును? స్థూలకాయులకు ఎక్కువ. మెడ చుట్టుకొలత మగవారిలో 17 అంగుళములు, ఆడువారిలో 16 అంగుళములు దాటినచో అనుమానింపవలెను. వయసు మీరుకొలది ఎక్కువగును. స్త్రీలకంటె పురుషులకు అధికము. ముట్లుడిగిన పిదప స్త్రీలకును పెరుగును. తల్లిదండ్రులకున్నచో బిడ్డలకు రావచ్చును.

"మేము కొండలెక్కి దిగువారము, మాకు కొవ్వెక్కడిది?" అని మీరడుగవచ్చును. మా డ్రైవరు కూడ బక్కపలుచని మనిషియే! అతని దవడ చిన్నది, వెనుకకు నొక్కుకొని యున్నది. ముక్కు ఎప్పుడును దిబ్బడ. ఆసియావాసులలో ముఖపు ఎముకల అమరికను బట్టి, అంతగా బరువు లేనివారికిని ఈ వ్యాధి వచ్చుచున్నదని వైద్యులు గుర్తించినారు. కావున సన్నని మనిషి గురకను చులకన చేయరాదు.

ఇక కల్లు మాట. జీలుగు కల్లు ముట్టవద్దని చెప్పుటకు మేమిచ్చటికి రాలేదు. చెప్పినను పండుగనాడు వినువారెవరు? కాని సారా గాని, కల్లు గాని త్రాగి వెంటనే పండుకొన్నచో, ముందే సడలు గొంతు మరింత సడలును, మెదడు మేల్కొలుపు ఆలస్యమగును. ఊపిరి ఆగిన కాలము పెరుగును. నిద్రమాత్రలును అట్టివే. చుట్ట, బీడీ పొగ గొంతును వాపెక్కించును. నిప్పు నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ త్రాగు అక్కలు, అవ్వలు కూడ ఈ మాట వినవలెను.

కొండ ప్రాంతములవారు ప్రత్యేకముగా గమనింపవలసినది గొంతువాపు. వర్షములు కొండవాలు నేలలలోని అయొడిన్‌ను కడిగివేయును. అది చాలనిచో మెడలోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బును. పెద్దవాపు గాలిగొట్టమును ఒత్తవచ్చును. గ్రంథి పని మందగించినచో నాలుక, గొంతు మందమై, బరువు పెరిగి, గురక ముదురును. వాపున్న ప్రతివారికి ఈ వ్యాధి యుండునని కాదు; కాని వాపు, గురక, పగటి మత్తు మూడును కలిసినచో రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. దేశమున గొంతువాపు నివారణ పథకము 1962లోనే ఆరంభమైనది. పెద్దవారికి రోజుకు కావలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములు మాత్రమే, ఆవగింజలో అణువంత! సంతలో విడి రాతి ఉప్పునకు బదులు అయొడిన్ ఉప్పు పొట్లము కొని, మూతగల డబ్బాలో ఉంచుకొన్నచో చాలును.

కొండ ఎత్తువలన గురక వచ్చునా యని ఒకచోట మమ్మడిగిరి. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. ఊపిరిని చెరచు ఎత్తులు దీనికి రెండుమూడు రెట్లు పైన నుండును.

నిద్రించువాడు తన వ్యాధిని తానెరుగడు. ప్రక్కన మేలుకొన్న ఇల్లాలే సాక్షి. అమ్మా, మీ ఆయన ఊపిరి ఆగి ఆగి వచ్చుచున్నచో, ఆశ కార్యకర్తతోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమందలి డాక్టరుతోనో చెప్పుము. గుండెలపై దయ్యము కూర్చున్నదని సరిపెట్టుకొనవద్దు. ఆయన ఆటోయో, జీపో నడుపువాడైనచో ఒక్కరోజును జాగు చేయరాదు.

మా డ్రైవరు మొదట కోపగించినాడు. ఉద్యోగము పోవునని భయము. అతని భార్యయే పట్టుబట్టి విశాఖపట్నము తీసికొనిపోయినది. రాత్రి నిద్రలో పరీక్ష జరిగినది, వ్యాధి తేలినది. ముక్కుకు వైద్యము, సాయంత్రపు మందు మానుట, ప్రక్కకు తిరిగి పండుకొనుట, వీనితో పాటు రాత్రివేళ ముక్కుకు తగిలించుకొను గాలియంత్రము ఇచ్చిరి. ఈ యంత్రమును 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కొలిన్ సలివన్ లోకమునకు తెలిపెను. వైద్యులు సరేయను వరకు మావాడు స్టీరింగు ముట్టలేదు. ఆఫీసులోనే పని చేసినాడు. నేడు మిమ్ము చేరుటకు మేమెక్కి వచ్చిన జీపును నడిపినవాడతడే.

ఇక మీకు గల సందేహములను అడుగుడు. మాతో వచ్చిన డాక్టరు గారు సమాధానము చెప్పెదరు. మెడ కొలుచు టేపు కూడ వారి సంచిలో నున్నది.