జీబ్రా క్రాసింగ్ దగ్గర జపాన్‌లో కూడా బండి ఆగేది కాదు! మరి ఎలా మారింది?

ఈరోజు టాపిక్ మనందరం రోజూ చేసే పనే. రోడ్డు దాటడం.

ఒక్కసారి ఊహించుకోండి. సిగ్నల్ లేని జంక్షన్. రోడ్డు మీద తెల్ల చారలున్నాయి, జీబ్రా క్రాసింగ్ అన్నమాట. మీరు అంచున నిలబడ్డారు. కుడివైపు చూస్తే బండ్లు వస్తూనే ఉన్నాయి. కాసేపటికి ఇంకో నలుగురు పోగయ్యారు. అప్పుడు అందరూ కలిసి చెయ్యి అడ్డం పెట్టి, ఒక్కో అడుగూ వేసుకుంటూ బండ్ల మధ్యలోంచి దూరిపోతారు. ఒక్కరే ఉంటే? దేవుడికి దండం పెట్టుకుని పరుగే. ఇందులో బండివాళ్ళు దారి ఇచ్చింది ఎక్కడ? మనమే లాక్కున్నాం.

ఈ మాట ఎత్తగానే కామెంట్లలో ఒక డైలాగ్ రెడీగా ఉంటుంది. "బ్రో, జపాన్ వాళ్ళకి డిసిప్లిన్ రక్తంలోనే ఉంటుంది, మనవాళ్ళు మారరు." ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆ డైలాగ్ తప్పు. నంబర్లతో చూద్దాం.

జపాన్ కూడా మనలాగే ఎడమవైపు బండి నడిపే దేశం. అక్కడ జపాన్ ఆటోమొబైల్ ఫెడరేషన్ అని ఉంది. షార్ట్‌గా జాఫ్. వీళ్ళు 2016 నుంచి ఏటా ఒక సర్వే చేస్తున్నారు. పెద్ద టెక్నాలజీ ఏం లేదు. సిగ్నల్ లేని జీబ్రా దగ్గర వాళ్ళ స్టాఫే రోడ్డు దాటబోతారు, ఎన్ని కార్లు ఆగాయో లెక్కపెడతారు. అంతే.

2016లో ఎంతొచ్చిందో తెలుసా? 7.6 శాతం. వంద కార్లలో ఎనిమిది కూడా ఆగలేదు! 2018లో 8.6 శాతం. ఆ ఏడాది తోచిగి అనే రాష్ట్రంలాంటి ప్రాంతంలో అయితే 0.9 శాతం. అంటే వందకి ఒక్క కారు కూడా కాదు. మనం ఎగ్జాంపుల్‌గా చెప్పుకునే జపాన్ పరిస్థితి ఇది. ఆగకపోవడం అప్పటికే అక్కడ చట్టరీత్యా తప్పు. రూల్ ఉంది, ఎవరూ పాటించట్లేదు. ఎక్కడో విన్నట్టుంది కదా?

2017లో జాఫ్ వాళ్ళు డ్రైవర్లనే అడిగారు, ఎందుకు ఆగరు అని. ఎక్కువమంది చెప్పింది ఏంటంటే, "నేను ఆగినా ఎదురుగా వచ్చే కారు ఆగదు, దాటేవాళ్ళకే ప్రమాదం." ఇంకొంతమంది, "సడన్‌గా ఆగితే వెనకవాడు గుద్దేస్తాడు." మన హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అడిగినా ఇవే మాటలు వినిపిస్తాయి. గమనించండి, ఇక్కడ సమస్య మంచితనం లేకపోవడం కాదు, నమ్మకం లేకపోవడం. పక్కవాడు ఆగుతాడన్న నమ్మకం లేనప్పుడు ఆగేవాడే పిచ్చోడిలా కనిపిస్తాడు.

మరి ఏం మారింది? ఒకటి, ఏ ప్రాంతంలో ఎంతమంది ఆగుతున్నారో టేబుల్ వేసి ఏటా బయటపెట్టారు. అట్టడుగున ఉన్నవాళ్ళకి పరువు సమస్య అయింది. తోచిగి వాళ్ళు ప్రత్యేకంగా క్యాంపెయిన్ మొదలుపెట్టారు, మరుసటి ఏడాదికే 0.9 కాస్తా 13.2 అయింది. రెండు, పోలీసులు సీరియస్‌గా కేసులు రాశారు. 2021లో ఈ ఒక్క తప్పుకే మూడు లక్షలకు పైగా కేసులు. మామూలు కారుకైతే 9,000 యెన్లు ఫైన్, లైసెన్స్ మీద రెండు పాయింట్లు. మూడు, జీబ్రాకి ముందే రోడ్డు మీద డైమండ్ గుర్తులు ఉంటాయి. "ముందు క్రాసింగ్ ఉంది, స్లో అవ్వు" అని. అవి పాతవే, కానీ వాటి అర్థం డ్రైవర్లకి మళ్ళీ మళ్ళీ గుర్తు చేశారు.

రిజల్ట్? 2024 సర్వేలో 53 శాతం. ఫస్ట్ ప్లేస్‌లో ఉన్న నగానోలో 87 శాతం. ఇప్పటికీ దాదాపు సగంమంది ఆగట్లేదు, అది కూడా నిజమే. కానీ ఎనిమిదేళ్ళలో 7.6 నుంచి 53కి. ఎనిమిదేళ్ళలో ఎవరి రక్తమూ మారదు కదండీ!

ఇప్పుడు మన సంగతి. మనకీ రూల్ ఉంది. 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం, సిగ్నల్ లేని పాదచారుల క్రాసింగ్ దగ్గరికి వస్తే స్లో అవ్వాలి, ఆగాలి, దారి ఇవ్వాలి. ఈ రెగ్యులేషన్స్ తప్పితే 2019 సవరణ ప్రకారం 500 నుంచి 1,000 రూపాయల ఫైన్. హెల్మెట్ లేదని చలానా వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి. చాలామందే ఉంటారు. నడిచేవాళ్ళకి దారి ఇవ్వలేదని చలానా వచ్చినవాళ్ళు? అదీ మ్యాటర్.

దీని ఖరీదు ఎంత? కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది. రోజుకి దాదాపు 90 మంది. అందరూ జీబ్రా మీదే పోయారని కాదు. కానీ నడిచేవాడికి దారి అనేదే లేని రోడ్ల మీద పోయారు.

"బ్రేక్ వేస్తాం కదా బ్రో" అంటారా? బీటెక్‌లో వదిలేసిన ఫిజిక్స్ ఒక్క నిమిషం. మనిషిని చూసి కాలు బ్రేక్ మీదకి వెళ్ళడానికి ఒక సెకను అనుకుందాం. 30 స్పీడ్‌లో కారు ఆ సెకనులో 8 మీటర్లు పోతుంది, ఇంకో 5 మీటర్లలో ఆగుతుంది. మొత్తం 13 మీటర్లు. అదే 50 స్పీడ్‌లో ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు పోతుంది. అంటే 13 మీటర్ల దూరంలో మనిషి ఉంటే, 30లో వచ్చేవాడు ఆగిపోతాడు. 50లో వచ్చేవాడు బ్రేక్ తొక్కకముందే గుద్దేస్తాడు, అదీ ఫుల్ స్పీడ్‌లో.

అందుకే బండి నడిపేవాళ్ళకి నాలుగు మాటలు. ఒకటి, జీబ్రా కనిపించగానే ముందే అద్దం చూసుకుని మెల్లగా బ్రేక్ వేయండి. మీ బ్రేక్ లైట్ చూసి వెనకవాడికి అర్థమవుతుంది. రెండు, చారల మీద కాదు, వాటికి ముందు ఆగండి. మూడు, ముందు కారు ఆగి ఉంటే హారన్ కొట్టి పక్కనుంచి దూరకండి. ముఖ్యంగా బైక్ వాళ్ళు! ఆ కారు ముందు ఎవరో దాటుతూ ఉండొచ్చు, మీకు వాళ్ళు కనిపించరు, వాళ్ళకి మీరు కనిపించరు. నాలుగు, ఫ్రీ లెఫ్ట్ అంటే మనుషుల్ని పట్టించుకోకుండా తిరిగే హక్కు కాదు. బ్రిటన్‌లో 2022 జనవరిలో హైవే కోడ్ మార్చి, జంక్షన్‌లో మలుపు తిరిగే బండి దాటేవాళ్ళకే కాదు, దాటడానికి నిలబడ్డవాళ్ళకి కూడా దారి ఇవ్వాలని రాశారు.

నడిచేవాళ్ళకి ఒక్కటే. ఒక బండి ఆగింది కదా అని పరుగెత్తకండి. దాని అంచు దాకా వచ్చి, పక్క లేన్ చూసుకుని, అప్పుడు దాటండి. ఫోన్ జేబులో పెట్టి.

చివరగా మీకొక హోమ్‌వర్క్. మీ ఏరియా జంక్షన్‌లో సేఫ్‌గా ఫుట్‌పాత్ మీద నిలబడి చూడండి. ఎవరైనా దాటబోతుంటే వరసగా వచ్చిన ఇరవై బండ్లలో ఎన్ని ఆగాయో లెక్కపెట్టండి. ఊరి పేరు, నంబర్ కామెంట్‌లో పెట్టండి. సున్నా వచ్చినా పెట్టండి, సిగ్గేం లేదు. జపాన్ వాళ్ళూ లెక్కపెట్టడంతోనే మొదలుపెట్టారు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో మీ నంబర్లన్నీ కలిపి ఊరివారీగా టేబుల్ వేద్దాం. ఉంటానండీ, జాగ్రత్తగా ఇంటికి చేరండి.