గ్రామపు సొమ్ము – గ్రామపు పెత్తనము

(కామారెడ్డిలో చేసిన ఉపన్యాసము)



నేడు మన గ్రామముల సొమ్మును గూర్చి మనవి చేయ వచ్చితిమి. లెక్కల ప్రసంగమని విసుగు చెందవలదు. లెక్క యెరుగనివానికి హక్కు నిలువదని మేము న్యాయస్థానములలో ప్రతిదినమును చూచుచున్నాము.

నిజాము కాలమున కామారెడ్డి, ఎల్లారెడ్డి తాలూకాల రైతు శిస్తుపై రూపాయికొక అణా లోకల్ ఫండు చెల్లించెడివాడు. దానిని వెచ్చించు అధికారము మాత్రము అతనిది కాదు. సొమ్మొకరిది, సోకొకరిది!

ఆ దుస్థితి మరల రాకుండుటకే 1992లో రాజ్యాంగమునకు 73, 74వ సవరణములు జరిగినవి. ఐదేండ్లకొక ఎన్నికయు, ఐదేండ్లకొక రాష్ట్ర ఆర్థిక సంఘమును విధింపబడినవి. 15వ కేంద్ర ఆర్థిక సంఘము 2021 నుండి 2026 వరకు దేశమందలి స్థానిక సంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసినది. అయితే, ఎన్నికైన పాలకవర్గము లేనిచోట ఆ సొమ్ము రాదు.

మన పంచాయతీల గడువు 2024 జనవరితో తీరినది. ఎన్నికలు 2025 డిసెంబరున గాని జరుగలేదు. ఆ నడుమ ప్రత్యేకాధికారుల పాలన. కేంద్రపు గ్రాంటు ఆగిపోయినది. చెత్త ట్రాక్టరుకు కార్యదర్శులు చేతి డబ్బుతో డీజిలు పోయించిరని పత్రికలలో చదివితిమి. ఆ కాలముననే, 2025 ఆగస్టున, మన జిల్లాను వరద ముంచినది. రైలుకట్ట కోసుకొనిపోయెను, బాటలు తెగెను. అట్టి వేళ పల్లెలో సర్పంచి లేడు, ఖజానాలో పైకము లేదు.

తప్పెవరిది? ఎన్నిక జరుపవలసినది గ్రామము కాదు. అయినను శిక్ష మాత్రము బోరు మోటారు కాలిన పల్లెకే పడినది. ఇది న్యాయమా?

కావున మనము మూడు కోరవలెను. గడువు తీరకముందే ఎన్నిక జరుగవలెను. రాష్ట్ర ఆర్థిక సంఘపు సిఫారసులు బీరువాలలో నిద్రింపరాదు. వచ్చిన ప్రతి రూపాయియు, పోయిన ప్రతి రూపాయియు గ్రామసభలో చదివి, పంచాయతీ గోడపై వ్రాయవలెను.

మన కర్తవ్యమును కలదు. ఇంటిపన్ను ఎగవేసి, గ్రామసభకు పోక, అరుగుపై కూర్చుండి అధికారులను నిందించువాడు స్వపరిపాలనకు అర్హుడు కాడు. పన్ను కట్టుడు, రసీదు దాచుకొనుడు, సభలో నిలిచి లెక్క అడుగుడు. స్వరాజ్యము ఢిల్లీలో మొదలైనది. అది పూర్తి కావలసినది మన చావడిలోనే.