కాంచనమాలను మనం ఎందుకు వెతకాలి?

 

వక్ఫ్ భూములు, స్కాలర్‌షిప్పులు, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద ఒక సినిమా నటి పేరు వినబడబోతున్నదని తెలిసి, కొందరు పెద్దలు మమ్మల్ని ముందుగానే నిలదీశారు. "సినిమావాళ్ల సంగతి మనకెందుకు బాబూ?" అన్నారు. ఆ ప్రశ్నలో అన్యాయం ఏమీ లేదు. ఈ ప్రసంగమంతా ఒక విధంగా దానికి జవాబే.

మేము మొదట కాంచనమాల కోసం బయలుదేరలేదు. మేము వెతుకుతున్నది షేక్ నాజర్ గారి కోసం. పొన్నెకల్లులో 1920లో పుట్టిన ఆ బుర్రకథ పితామహుణ్ని ఎరిగినవారు, ఆయన తందాన తాన విన్నవారు ఈ మైదానంలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, వారి నోటి మాటలు రాసి పెట్టుకోవాలని ఊరూరా తిరిగాము. దూది ఏకే ఇంట పుట్టిన ఆయన, జనం తిట్టుగా వాడే 'పింజారి' అనే మాటనే తన ఆత్మకథకు పేరుగా పెట్టుకున్నారు. ఆ పుస్తకం చదివిన మనవాళ్లు ఎందరని ఈ సభలో చేతులు ఎత్తమంటే మనకే సిగ్గనిపిస్తుంది కాబట్టి అడగడం లేదు.

అట్లా తిరుగుతుండగా తెనాలి వైపు ఒక పాత ఇంట్లో, ట్రంకు పెట్టె అడుగున, మడతల దగ్గర చిరిగిపోయిన ఒక క్యాలెండరు బొమ్మ కనిపించింది. పెద్ద కళ్లు, పెదవి మీద సగం నవ్వు. ఆ ఇంటి కుర్రవాళ్లకు అది ఎవరో తెలియదు. వాళ్ల తండ్రికీ తెలియదు. పక్కింటి నుంచి వచ్చిన ఎనభై దాటిన ముసలమ్మ ఒకరు బొమ్మను వెలుతురుకు పెట్టి చూసి, "కాంచనమాల గదయ్యా! పిచ్చిదైపోయింది పాపం" అన్నారు. మా పని ఆ ఒక్క వాక్యం దగ్గర మొదలయింది.

కాంచనమాల ఈ గుంటూరు సీమ బిడ్డ. తెనాలి ప్రాంతంలో 1917లో పుట్టింది. 1935లో 'శ్రీకృష్ణ తులాభారం'లో చిన్న పాత్రతో తెర మీదికి వచ్చింది. నేపథ్య గానం ఇంకా స్థిరపడని కాలం అది. నటి తన పాట తానే పాడుకోవాలి, తన మాట తానే పలకాలి. అందం ఒక్కటే ఉంటే రెండో సినిమాకు ఎవరూ పిలిచేవారు కారు. 1938లో హెచ్.ఎం. రెడ్డి 'గృహలక్ష్మి'లో సంసారాన్ని కూల్చే నర్తకిగా కనిపించిన ఈమే, అదే ఏడాది గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల'లో శంపాలత అయింది. 1939లో వై.వి. రావు తీసిన 'మళ్ళీ పెళ్ళి', బి.ఎన్. రెడ్డి తొలి చిత్రం 'వందేమాతరం', 1940లో 'ఇల్లాలు', ఆ తరువాత జెమినీ వారి 'బాలనాగమ్మ'. పేర్లు వరుసగా చదివితే జాబితా లాగే ఉంటుంది గాని, ఆ కథల్లోని విషయాలు చూడండి. అంటరానితనం, వితంతు వివాహం, చదువుకుని కూడా ఉద్యోగం లేని యువకుడి సంసారం. ఆ నాలుగైదేళ్లలో తెలుగు సమాజం తనను తాను అడుగుకున్న పెద్ద ప్రశ్నలు చాలావరకు ఈమె ముఖం మీదుగా నడిచాయి.

'మాలపిల్ల' గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. చలం గారి కథ, తాపీ ధర్మారావు గారి మాటలు. గుడి ధర్మకర్త సుందరరామశాస్త్రి కొడుకు ఒక మాలపల్లె అమ్మాయిని ప్రేమిస్తాడు. ఊరు కస్సుమంటుంది. ఆ వాడకు చెరువు నీళ్లు బంద్ అవుతాయి, పొలాల్లో కూలి ఆగుతుంది. చివరికి మంటల్లో చిక్కుకున్న శాస్త్రి గారి భార్యను కాపాడేది ఆ వాడ మనిషే. ఇప్పుడు చూస్తే కొన్ని చోట్ల సర్దుబాటు ధోరణి కనిపిస్తుంది. మెప్పు పొందడానికి వాడవాళ్లు ప్రాణం ఒడ్డవలసి రావడం మాకు నచ్చదు. మైనారిటీలుగా మనకు అది బాగా తెలిసిన పరీక్షే. దేశభక్తి రుజువు చేసుకో, మంచితనం రుజువు చేసుకో, అప్పుడు పక్కన కూర్చోనిస్తాం అంటారు. అయినా 1938లో, ఈ జిల్లాల పల్లెల్లో నీటి తగాదాలు నిజంగా జరుగుతున్న కాలంలో, ఆ ప్రశ్నను తెర మీద పెట్టడం చిన్న సాహసం కాదు. ఆ సాహసంలో సగం బరువు మోసింది ఆ పాత్ర వేసిన ఇరవై ఒక్క ఏళ్ల అమ్మాయి. దర్శకుడి పేరు, రచయితల పేర్లు పాఠ్యపుస్తకాల దాకా వెళ్లాయి. ఆమె పేరు క్యాలెండరు దగ్గర ఆగిపోయింది.

ఇక 'బాలనాగమ్మ'. 1942 చివర విడుదలై తెలుగు దేశాన్ని ఊపేసిన చిత్రం అది. గోవిందరాజుల సుబ్బారావు గారి మాయల మరాఠీని ఇప్పటికీ తాతలు తలుచుకుంటారు. బాలనాగమ్మగా నటించిన మనిషికి మాత్రం అదే దాదాపు చివరి పెద్ద వేషం. ఆ స్టూడియోతో కుదిరిన ఒప్పందం మరొక సంస్థలో పని చేయనీయకుండా ఆమెను కట్టివేసిందని సినీ చరిత్ర రాసినవారు చెబుతారు. భర్త మరణం కూడా ఆ రోజుల్లోనే. ఆమె మనసు చెదిరింది. మళ్లీ కోలుకుని కథానాయికగా నిలబడలేదు.

ఈ ఒప్పందం సంగతి మన మిర్చి యార్డు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. జూన్‌లో విత్తనానికి, మందులకు ఏ కమీషన్ కొట్టులో పెట్టుబడి తెచ్చామో, మార్చిలో ఆ కొట్టుకే టిక్కీలు తోలాలి. పక్క కొట్టులో క్వింటాలుకు రెండు వందలు ఎక్కువ పలుకుతున్నా మన కాయ అక్కడికి నడవదు. కాగితం మీద చూస్తే ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. సంతకం మనదే, వేలిముద్ర మనదే. ఆనాటి స్టూడియోలలో నటీనటులు నెలజీతం మీద ఇట్లాగే కట్టుబడి ఉండేవారు. రైతుకు ఒక పంట పోతే మరో ఏడు పంట వేసుకుంటాడు. నటికి వయసే పంట. రెండు మూడేళ్లు తెరకు దూరమైతే ఆ పొలం మళ్లీ చేతికి రాదు. చెమట ఆరకముందే కూలి ముట్టజెప్పాలని మన ప్రవక్త (స) బోధించిన సమాజం మనది. కాబట్టి సినిమా హలాలా హరామా అన్న చర్చను పెద్దలు తమ తీరుబడిలో చేసుకోవచ్చు. ఒక శ్రామిక స్త్రీ శ్రమకు, ఆమె జీవనోపాధికి ఏం జరిగింది అన్న ప్రశ్న మాత్రం మనకు పరాయిది కాదని మా మనవి.

ముసలమ్మ అన్న మాటలో మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టింది 'పిచ్చిది' అన్న పదం. మేము ఎక్కడికి వెళ్లినా, కాంచనమాల పేరు తెలిసిన ప్రతి మనిషీ ఆ పదంతోనే కథ ముగించారు. డజను సినిమాలు, అంత కంఠం, అంత పేరు, అన్నీ ఆ ఒక్క మాట కింద పూడిపోయాయి. మన ఇళ్లలో ఇటువంటి స్త్రీలు లేరా? పెళ్లిళ్లకు తీసుకుపోని మేనత్త, వచ్చినవాళ్లకు కనబడకుండా వెనక గదిలో ఉంచే చిన్నమ్మ లేరా? ఆమె పెళ్లికి ముందు ఏం చదివేది, ఉర్దూలో ఎంత చక్కగా ఉత్తరాలు రాసేది, అవన్నీ ఎవరికీ గుర్తుండవు. రోగం పేరే మనిషి పేరు అయిపోతుంది. వైద్యం అవసరమైన చోట సంవత్సరాల తరబడి తాయెత్తులతో కాలం గడిపిన కుటుంబాలు ఈ సభలోనూ ఉన్నాయి. ఎవరినీ నొప్పించడానికి అనడం లేదు. మేమూ ఆ కుటుంబాలలోని వాళ్లమే.

కాంచనమాల కథలో ఒక్క వెలుగు ఉంది. 'ఇల్లాలు'లో ఆమెతో పాటు నటించిన లక్ష్మీరాజ్యం గారు తరువాతి కాలంలో నిర్మాత అయ్యారు. 1963లో తాను తీసిన 'నర్తనశాల'లో కాంచనమాలకు ఒక చిన్న వేషం ఇచ్చారు. ఆ చిత్రాన్ని టీవీలో ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. ఎస్వీ రంగారావు గారి కీచకుణ్ని చూస్తూ, అందులో ఒకనాటి శంపాలత కూడా ఉందని మాకు తట్టనేలేదు. 1981 జనవరి 24న ఆమె మద్రాసులో కన్నుమూసింది.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. 'మాలపిల్ల' తీసిన సారథి సంస్థే పదిహేడేళ్ల తరువాత, 1955లో, 'రోజులు మారాయి' తీసింది. దర్శకుడు తాపీ చాణక్య, అంటే 'మాలపిల్ల'కు మాటలు రాసిన ధర్మారావు గారి కుమారుడు. బాపట్ల దగ్గర అప్పికట్లలో పుట్టిన కొసరాజు గారు రాసిన ఏరువాక పాటకు ఆ చిత్రంలో నర్తించిన అమ్మాయి వహీదా రెహమాన్. ప్రభుత్వోద్యోగి అయిన తండ్రి చనిపోయి, ఇంటి భారం మీద పడిన ముస్లిం ఆడపిల్ల. మన రైతుల పాటకు అడుగు కలిపి, ఆ పాట మోసుకుపోయిన పేరుతో బొంబాయి చేరి, 'ప్యాసా' దాకా, ఫాల్కే పురస్కారం దాకా వెళ్లింది. ఆమె నిలబడింది, కాంచనమాల కూలిపోయింది. ప్రతిభలో తేడా వల్ల అని మేము అనుకోవడం లేదు. వహీదా తన తొలి హిందీ ఒప్పందం దగ్గరే పేరు మార్చుకోనని, తనకు ఇష్టంలేని దుస్తులు వేసుకోనని పట్టుబట్టింది. ఆ మాట అనగల ధైర్యం, అన్నా చెల్లే వీలు అందరికీ దొరకదు.

వహీదాను దేశం గుర్తుపెట్టుకుంది సరే. మిగిలినవాళ్ల మాటేమిటి? ఒంగోలు దగ్గర కరవది నుంచి బయలుదేరిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరంతో శ్రీరంగం చేరి, 1998లో మద్రాసు సంగీత అకాడమీ నుంచి సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన శిష్యురాలు కాలీషాబీ గారు భర్త మహబూబ్ సుభానీ గారితో కలిసి అదే వాద్యం వాయించి, 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందారు. నాదస్వరం ఊపిరి బిగపట్టి వాయించే వాద్యం. ఆడవాళ్ల వల్ల కాదని అనేవారు. గుడి ముంగిట మన ఇంటి ఆడపడుచు వాయిస్తుంటే విన్న ఈ మైదానంలో, ఇవాళ పండుగల పేరిట ఎవరు ఎక్కడ వ్యాపారం చేయాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో నిర్ణయించే గొంతులు లేస్తున్నాయి. వాళ్లకు మనం వినిపించవలసిన జవాబుల్లో ఈ పేర్లు ఉన్నాయి. కాని మన పిల్లలకే ఈ పేర్లు తెలియకపోతే ఎవరు వినిపిస్తారు?

మేము ఒక గ్రంథాలయానికి వెళ్లాము, ఏ ఊరో చెప్పము. 1930ల నాటి పత్రికలు అడిగితే, బీరువా తెరిచి చూపించారు. చెదలు తిన్న పొడి మాత్రమే ఉంది. "రెండేళ్ల క్రితం వచ్చినా కొన్ని దొరికేవి" అన్నాడు అక్కడి ఉద్యోగి, నిజంగానే బాధపడుతూ. ఆ రెండేళ్లు మేము వేదికల మీద సంస్కృతి పరిరక్షణ గురించి ఉపన్యాసాలు ఇస్తూ గడిపాము.

అందుకే ఈ సభ నుంచి మేము కోరేది తీర్మానం కాదు. మీ ఇళ్లలో నానీలు, దాదీలు పత్తి తీతకు పోతూ, మిరపకాయ తొడిమలు తీస్తూ పాడుకున్న పాటలు ఉంటాయి. పీర్ల పండుగ నాటి పాటలు ఉంటాయి. నాటకం ఆడి ఇంట్లో దెబ్బలు తిన్న తాత, మేళంతో ఊళ్లు తిరిగి పేరు చెప్పుకోకుండా పోయిన అమ్మమ్మ ఉంటారు. ఫోటో ఉంటే వెనుక పేరు, ఊరు, ఏడాది పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా ముందువైపుకు దిగుతుంది. గొంతు ఫోనులో రికార్డు చేయండి. ఆ మనిషి అనుమతి అడిగి చేయండి. పెళ్లి కాని పిల్లల సంబంధాలు చెడతాయని పేరు వద్దంటే, పేరు లేకుండానే రాసి ఉంచండి. అది కూడా రేపటికి ఒక సాక్ష్యమే.

ఆ క్యాలెండరు బొమ్మను ఇంటివాళ్లు మాకే ఇచ్చేశారు. తిరిగి వస్తూ దారిలో, మిర్చి కల్లం దగ్గర తొడిమలు తీస్తున్న మన ఆడవాళ్లు కనిపిస్తే ఆగి చూపించాము. ఒక నడివయసు ఆమె ముక్కుకు చుట్టుకున్న గుడ్డ దించి, కథంతా విని, ఒక్కటే అడిగింది: "చివర్లో ఎవరన్నా దగ్గరుండి చూసుకున్నారా ఆమెని?" లక్ష్మీరాజ్యం గారి సంగతి చెప్పాము. తల ఊపి, మళ్లీ గుడ్డ కట్టుకుని, రాశి ముందు కూర్చుంది. బొమ్మ ఇప్పుడు ఈ బల్ల మీద ఉంది. సభ ముగిశాక చూడవచ్చు. చేత్తో మాత్రం తాకవద్దని మనవి, అంచులు రాలిపోతున్నాయి.