పెళ్లి ఫొటోల ఒప్పందం: సంతకానికి ముందు

(మహిళా కార్యకర్తల న్యాయ శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మనం భరణం గురించీ, స్త్రీధనం గురించీ, గృహహింస చట్టం గురించీ మాట్లాడుకుంటున్నాం. వాటి సరసన పెళ్లి ఫొటోల ఒప్పందం అనే అంశాన్ని చూసి కొందరు నవ్వుకున్నారు. అది కలిగినవాళ్ల ఆడంబరం, మన పనికీ దానికీ ఏమిటి సంబంధం అనిపించడం సహజమే. పెళ్లిళ్లలో ఆర్భాటాన్ని మనం మొదటినుంచీ వ్యతిరేకిస్తున్నాం, ఇకముందూ వ్యతిరేకిస్తాం. కానీ సలహా కోసం మన దగ్గరకు వచ్చే స్త్రీ తన సంచిలోంచి ఏమి తీసి బల్లమీద పెడుతుందో గుర్తు తెచ్చుకోండి. ఒక శుభలేఖ, ఆధార్ కార్డు జిరాక్సు, నాలుగు పెళ్లి ఫొటోలు. తనకు పెళ్లయిందని చూపడానికి చాలామంది దగ్గర ఉన్నది అంతే.

ముస్లిముల పెళ్లికి నిఖానామా ఉంటుంది. క్రైస్తవుల పెళ్లికి చర్చి రిజిస్టరు ఉంటుంది. ఇంటి ముందు పందిట్లోనో, ఫంక్షన్ హాల్లోనో జరిగే హిందూ పెళ్లిలో పురోహితుడు ఏ కాగితమూ రాసివ్వడు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వివాహాల నిర్బంధ నమోదు చట్టం వచ్చింది. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు అన్ని మతాల పెళ్లిళ్లూ నమోదు కావాలని చెప్పింది. అయినా నమోదు కాని పెళ్లిళ్లు మన దగ్గరకు వస్తూనే ఉన్నాయి. పైగా హిందూ వివాహానికి నమోదు పత్రం ఒక్కటే చాలదనీ, చట్టం 7వ సెక్షన్ చెప్పినట్టు క్రతువు జరిగి ఉండాలనీ 2024లో డాలీ రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

భరణం కేసుల్లో పెళ్లికి అంత కఠినమైన రుజువు అక్కర్లేదని 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది మనకు ఊరట. కానీ భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని కేసు పెడితే లెక్క మారిపోతుంది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కిందికి వచ్చిన ఈ నేరంలో పెళ్లి శాస్త్రోక్తంగానో, ఆచారం ప్రకారమో జరిగిందని చూపాలి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, ఆచారంలో ఉంటే సప్తపది. వీటిని చూసిన బంధువులు పదేళ్ల తర్వాత కోర్టుకు రారు. వచ్చినా అటో ఇటో మాట్లాడతారు. ఫొటో, వీడియో మాట మార్చవు. కాబట్టి పెళ్లి ఫొటోను స్త్రీ హక్కు పత్రాల్లో ఒకటిగా చూడమని మిమ్మల్ని కోరుతున్నాను. ఆ పత్రం ఎవరి చేతిలో ఉంటుందన్నది ఫొటోగ్రాఫరుతో రాసుకునే కాగితం మీద ఆధారపడి ఉంటుంది.

కాగితం మీద ఎవరి పేరు?

మా దగ్గరకు వచ్చిన ఒక యువతి సంగతి చెబుతాను. పెళ్లికి ఫొటోగ్రాఫరును మాట్లాడింది మగపెళ్లివారు. సగం డబ్బు అమ్మాయి తండ్రి ఇచ్చాడు, చేతికి, రసీదు లేకుండా. అడ్వాన్సు చీటీ అబ్బాయి బావ పేరున ఉంది. రెండేళ్లకు ఆమె పుట్టింటికి వచ్చేసింది. అప్పగింతలప్పుడు నగలు ఒక్కొక్కటిగా చూపించి అత్తగారి చేతికి ఇచ్చిన దృశ్యం వీడియోలో ఉందని ఆమెకు గుర్తు. స్టూడియోకు వెళ్లి కాపీ అడిగితే, చీటీ ఎవరి పేరున ఉంటే వాళ్లకే ఇస్తామన్నారు. మేము నోటీసు పంపాక, ఆ హార్డ్‌డిస్క్ వేరే పెళ్లిళ్లకు వాడేశామని జవాబు వచ్చింది.

స్టూడియో మాటకు చట్టంలో కొంత ఆధారం లేకపోలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఒక ఉపనిబంధన ఉంది. డబ్బిచ్చి ఫొటోగానీ, ఫిల్ముగానీ తీయించుకున్న వ్యక్తే దానికి మొదటి హక్కుదారు, దానికి విరుద్ధంగా ఒప్పందం ఉంటే తప్ప. ఈ వాక్యాన్ని జాగ్రత్తగా విప్పి చూడండి. ఏమీ రాసుకోకపోతే హక్కు ఫొటోగ్రాఫరుది కాదు, తీయించుకున్నవారిది. అయితే తీయించుకున్నవారెవరు? చీటీలో ఎవరి పేరుంటే వారేనని ముందు అనుకుంటారు. మన పెళ్లిళ్లలో ఆ పేరు తండ్రిదో, అన్నదో, మగపెళ్లివారి పెద్దమనిషిదో అవుతుంది. ఫొటోలో నడిమధ్యన కూర్చున్న అమ్మాయి పేరు మాత్రం చీటీలో ఉండదు.

అందుకని మొదట చూడాల్సింది ఇదే. ఒప్పందంలో పెళ్లికూతురి పేరు ఉండాలి, ఆమె సంతకం ఉండాలి. డబ్బు తండ్రి ఇస్తే ఇవ్వనివ్వండి. ఇరువైపులవారూ కలిసి తీయిస్తే ఇద్దరి పేర్లూ రాయించండి. ఎవరు అడిగినా రెండోవారి అనుమతితో పనిలేకుండా పూర్తి కాపీ ఇవ్వాలని ఒక వాక్యం చేర్చండి.

రెండోది, అచ్చువేసిన షరతులను చివరిదాకా చదవండి. 'ఫొటోలపై సర్వహక్కులు స్టూడియోవి' అన్న వాక్యం చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. చట్టం మనకిచ్చిన హక్కును ఆ ఒక్క వాక్యం తీసేస్తుంది. దాన్ని కొట్టేసి, పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు పెట్టాలి.

రోజు, గంట, మనిషి

ఇక మామూలుగా తగాదాలొచ్చే విషయాలు. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక వస్తుంటాయి. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, క్యాలెండరు లెక్కలో అర్ధరాత్రితో మారుతుంది. 14వ తేదీ రాత్రి తెల్లవారితే 15 అని మనం అంటాం. 'ఒక రోజు' అని మాత్రం రాసుకుంటే, పన్నెండు దాటగానే రెండో రోజు బిల్లు వేస్తారు, లేదా మనుషులు సర్దుకుని వెళ్లిపోతారు. తేదీతోబాటు మొదలయ్యే గంట, ముగిసే గంట, అదనపు గంటకు ఎంత అనేది రాయించాలి. నలుగు, స్నాతకం, గౌరీపూజ, పెళ్లి, అప్పగింతలు, రిసెప్షన్, వ్రతం, వీటిలో ఏవేవి లెక్కలో ఉన్నాయో పేరుపేరునా ఉండాలి. జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా వీడియో ఆపకుండా తీయాలని నేనైతే ప్రత్యేకంగా రాయిస్తాను.

మౌఢ్యాలూ, శూన్యమాసాలూ పోను మంచి ముహూర్తాలు కొన్ని రోజుల్లోనే కిక్కిరిసి ఉంటాయి. ఒకే స్టూడియో ఒకే రాత్రి నాలుగైదు పెళ్లిళ్లు ఒప్పుకుంటుంది. మీరు చూసి మెచ్చిన ఆల్బమ్ తీసిన మనిషి ఒకరు, మీ పందిట్లోకి వచ్చే మనిషి ఇంకొకరు. ఎవరు వస్తారు, ఎంతమంది వస్తారు, జబ్బు చేస్తే ఎవరిని పంపుతారు అన్నది అడిగి రాయించాలి.

ఏమిస్తారు, ఎప్పుడిస్తారు అన్నదీ అంతే. ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, ఏ సైజు, పెళ్లయిన ఎన్ని రోజులకు. ఫొటోలు ఎంపిక చేయడానికి మీకు ఎంత గడువు. డబ్బును మూడు భాగాలు చేయండి. కొంత అడ్వాన్సు, కొంత పెళ్లిరోజు, మిగిలింది ఆల్బమ్, ఫైళ్లు చేతికి వచ్చాక. చివరి భాగం మరీ చిన్నదైతే ఆల్బమ్ కోసం ఏడాదిపాటు తిరగాల్సి వస్తుంది. నగదు ఇచ్చినా ప్రతి పైసాకూ రసీదు తీసుకోండి.

ఇంట్లో మైల వచ్చి పెళ్లి వాయిదా పడితే అడ్వాన్సు కొత్త తేదీకి చెల్లుతుందా, పోతుందా? పెళ్లే ఆగిపోతే ఎంత వెనక్కిస్తారు? స్టూడియోవారే రాకపోతే ఏమిస్తారు? మనం మానుకుంటే డబ్బంతా పోతుంది, వాళ్లు మానుకుంటే అడ్వాన్సు మాత్రం వాపసు అనే ఏకపక్షపు షరతును ఒప్పుకోకండి.

ఫైళ్లు ఎంతకాలం, ఎక్కడ

పూర్వం నెగటివ్‌లు స్టూడియో డబ్బాల్లో ఏళ్ల తరబడి పడి ఉండేవి. ఇప్పుడు అంతా హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. డిస్క్ నిండగానే పాతవి తుడిచేస్తారు. పెళ్లిరోజే రెండు చోట్ల కాపీ చేస్తారా, ఎన్ని నెలలు దాస్తారు, తుడిచే ముందు మీకు చెబుతారా అని అడగండి. మీరే ఒక హార్డ్‌డిస్క్ కొనిచ్చి, పాటలూ మెరుపులూ కలపని అసలు ఫుటేజ్ మొత్తం అందులో తీసుకోవడం మంచిది. కోర్టులో పనికొచ్చేది అసలుదే. దాన్ని అత్తవారింటి బీరువాలో పెట్టవద్దు. ఒక కాపీ పుట్టింట్లోనో, నమ్మకమైన స్నేహితురాలి దగ్గరో ఉండాలి.

2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది. దాని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ కాపీని సాక్ష్యంగా పెట్టాలంటే వెంట ఒక సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఆ ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ అనే అక్షరాల, అంకెల వరుస కూడా రాయాలి. అవసరమైనప్పుడు తమ వంతు సర్టిఫికెట్‌ ఇస్తామని ఒప్పందంలో ఒక వాక్యం ఉంటే, తర్వాత బతిమాలుకోనక్కర్లేదు.

స్త్రీధనం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కట్నాన్ని వీడియో తీయించమని నేను అనడం లేదు. కట్నం ఇవ్వడమూ నేరమే. కానీ 1985 నాటి నిబంధనల ప్రకారం అమ్మాయికి వచ్చిన కానుకల జాబితాను, ఇచ్చినవారి పేరు, సుమారు విలువతో సహా రాసి, వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఆ జాబితాను ఆమే ఉంచుకోవాలి. ఈ పని చేస్తున్న కుటుంబాలు ఎన్నో మీకు తెలుసు. జాబితాలోని వస్తువులకు ఒక్కొక్క ఫొటో తీయమని ఫొటోగ్రాఫరుకు చెబితే పది నిమిషాల పని. గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద స్త్రీధనం తిరిగి ఇప్పించమని అడిగిన రోజున ఆ పది నిమిషాలే అక్కరకొస్తాయి.

మన బొమ్మ వాళ్ల ప్రకటన

పెళ్లికి ముందే ప్రీ వెడ్డింగ్ షూట్ అని కొత్త ఆచారం వచ్చింది. ఆ తర్వాత కట్నం దగ్గర పేచీ వచ్చి సంబంధం చెడితే, ఆ ఫొటోలు అమ్మాయి మెడమీద కత్తిలా వేలాడతాయి. సంబంధం తప్పిపోతే ఫైళ్లన్నీ అమ్మాయికి అప్పగించి, తమ దగ్గరున్నవి తుడిచేసి, తుడిచామని రాసివ్వాలని ముందే షరతు పెట్టాలి. రాతపూర్వక అనుమతి లేకుండా ఏ ఫొటోనూ, వీడియోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోగానీ, యూట్యూబ్‌లోగానీ, షాపు అద్దాల్లోగానీ పెట్టకూడదని కూడా రాయాలి. ఇది పెళ్లికూతురి ఒక్కదాని సంగతి కాదు. సంగీత్‌లో ఆడిన ఆడపిల్లలు, పసిపిల్లలు, వాళ్లను ఎవరూ అడగరు. అలంకరణ గదిలోకి కెమెరా ఎప్పుడు రావచ్చో, ఎవరు పట్టుకు రావచ్చో అమ్మాయే చెప్పాలి. స్త్రీ ఫొటోగ్రాఫరు కావాలంటే అదీ రాయించవచ్చు. ఫొటోలతో ఎవరైనా బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930 మీకు తెలిసిందే.

మాట తప్పితే

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇక్కడ మనకు గట్టి ఆసరా. డబ్బు తండ్రి ఇచ్చినా, ఆయన అంగీకారంతో ఆ సేవ పొందిన కూతురు కూడా వినియోగదారే. ఆమే ఫిర్యాదు చేయవచ్చు. 'తగాదాలు ఫలానా నగరం కోర్టుల్లోనే' అని కాగితంలో ఉన్నా, తాను నివసించే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేసే వీలు ఈ చట్టం ఇచ్చింది. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందు ఒక రాతపూర్వక నోటీసు ఇచ్చి, 1915 నంబరుకు ఫోను చేసి చూడండి. వకీలు కావాలంటే, న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో పనిలేకుండా ఏ స్త్రీకైనా ఉచిత సహాయం దొరుకుతుంది.

ఇందాక ఒక అక్క అడిగింది, మా ఊళ్లో పదివేలకు ఫొటోలు తీసే కుర్రాడు ఒప్పందం ఏం రాస్తాడని. నోటుబుక్కులోంచి ఒక కాగితం చాలు. ఆ కుర్రాడూ మనవంటి ఇంటివాడే. రాత్రంతా నిలబడి పనిచేసి, మిగతా డబ్బు కోసం తిరిగి తిరిగి వేసారేవాడే. అతనికి భోజనం, ప్రయాణ ఖర్చు, డబ్బు ఇచ్చే తేదీ కూడా ఆ కాగితంలో రాయండి. అప్పుడు అతనూ సంతోషంగా సంతకం పెడతాడు. గుడిలో స్నేహితుల మధ్య పెళ్లి చేసుకునే కులాంతర జంటలకైతే సెల్‌ఫోను ఫొటోలే దిక్కు. వాళ్లకు మరింత శ్రద్ధగా చెప్పండి.

నేను రాసిచ్చే వాక్యాలు ఇవి, మీరూ రాసుకోండి. 'ఈ ఫొటోలు, వీడియోలపై హక్కు వధువుకు, వరునికి సమానంగా ఉంటుంది. ఇద్దరిలో ఎవరు అడిగినా పూర్తి కాపీ ఇవ్వాలి. అసలు ఫైళ్లను కనీసం ఏడాది భద్రపరచాలి. తుడిచే ముందు ఇద్దరికీ తెలపాలి. అవసరమైతే సాక్ష్య చట్టం ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వాలి. రాతపూర్వక అనుమతి లేకుండా ప్రచారానికి వాడరాదు.' ఆరు వాక్యాలు. తర్వాత తేదీ, సంతకాలు. ఒక కాపీ అమ్మాయి దగ్గర.

వచ్చే మాఘమాసం లోపల మీ మీ సంఘాల్లో ఈ ఆరు వాక్యాలూ చదివి వినిపించండి. పెళ్లి కుదిరిన అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు పట్టుచీర ఎంతయిందని అడిగేముందు, ఫొటోల కాగితం మీద నీ సంతకం ఉందా అమ్మా అని అడగండి.